గ్రేమౌత్‌లో ఫార్మసీ కొనొచ్చా? నేల మావోరీలది, వెనక గదిలో ఇరవై ఏళ్ల మందుల చీటీలు

మందుల చీటీ
అందరికీ నమస్కారం. నేను క్రైస్ట్‌చర్చ్‌లో ఫార్మసిస్టుగా చేస్తున్నాను. న్యూజిలాండ్ పశ్చిమ తీరంలో గ్రేమౌత్ అనే ఊళ్లో ఒక ఫార్మసీ అమ్మకానికి వచ్చింది. ఓనరు పెద్దాయన, రిటైరవుతున్నాడు. మొన్న వెళ్లి చూసొచ్చాం. షాపు బాగా నడుస్తోంది, బేరం కూడా కుదిరేలా ఉంది. రెండు విషయాల్లో మాత్రం టెన్షన్‌గా ఉంది.

ఒకటి, స్థలం. బిల్డింగ్ ఒకాయనది, దాని కింద నేల మావోరీల (ఇక్కడి మూలవాసుల) సంస్థది. నేను బిల్డింగ్ ఆయనకి అద్దె కట్టాలి, ఆయన నేలకి అద్దె కడతాడు. ఈ ఊళ్లో ఇది మామూలే అన్నాడు పెద్దాయన.

రెండు, వెనక గది. తలుపు తీస్తే కింద నుంచి సీలింగ్ దాకా అట్టపెట్టెలు. ఒక్కో పెట్టె మీద మార్కర్‌తో నెల, సంవత్సరం రాసి ఉన్నాయి. 2003 అని రాసిన పెట్టె కూడా ఉంది. అన్నీ చీటీలే. కొన్ని కట్టలకి వేసిన రబ్బరు బ్యాండ్లు కరిగి కాగితానికి అంటుకుపోయాయి. ఇవన్నీ నా నెత్తిన పడతాయా? ఎన్నేళ్లు దాచాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

కివీ మామ
తమ్ముడూ, ఒకటే మాట. మనది కాని నేల మీద డబ్బు పెట్టకు. నేనీ దేశం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మావోరీ లీజు అంటే బ్యాంకువాడు కూడా ముఖం చిట్లిస్తాడు. అద్దె పెంచితే ఏం చేస్తావ్? క్రైస్ట్‌చర్చ్ శివార్లలో ఏదైనా చూసుకో.

మందుల చీటీ
మామా, క్రైస్ట్‌చర్చ్‌లో నా బడ్జెట్‌కి షాపు బయట బోర్డు కూడా రాదు.

లీజు డీడ్
నేను ఇక్కడ లాయర్ ఆఫీసులో ఆస్తుల కాగితాలే చూస్తాను కాబట్టి మొదటి ప్రశ్న నాకు వదిలేయండి.

కివీ మామ గారూ, అతను నేల కొనడం లేదు. బిల్డింగూ కొనడం లేదు. వ్యాపారం, స్టాకు, గుడ్‌విల్ (షాపుకున్న పేరూ, అలవాటు పడ్డ గిరాకీ) కొంటున్నాడు. ఆక్లాండ్‌లో కొన్నా షాపు అద్దెకే కదా. తేడా అల్లా అతని అద్దె కాగితం పైన ఇంకో కాగితం ఉండటమే. ఆ పై కాగితం ఎలాంటిదో తెలిస్తే భయం సగం పోతుంది.

గ్రేమౌత్ బజారులో చాలా నేల మాఫెరా ఇన్‌కార్పొరేషన్ అనే మావోరీ సంస్థది. ఇది నిన్న మొన్నటి వ్యవహారం కాదు. 1860లో ప్రభుత్వం తరఫున జేమ్స్ మెకే అనే అధికారి పౌటిని న్గాయ్ తాహు తెగ దగ్గర పశ్చిమ తీరం దాదాపు మొత్తం 300 పౌండ్లకి రాయించుకున్నాడు. లక్షల ఎకరాలు. అందులో కొన్ని ముక్కలు వాళ్లకే ఉంచారు. గ్రే నది సముద్రంలో కలిసే చోట ఉన్న ముక్క వాటిలో ఒకటి. నాలుగైదేళ్లు తిరక్కుండానే బంగారం బయటపడింది, జనం ఎగబడ్డారు, ఊరు సరిగ్గా ఆ ముక్క మీదే లేచింది. అమ్మడానికి వీల్లేదు కాబట్టి లీజులకి ఇచ్చారు. ఇచ్చింది యజమానులు కాదు, వాళ్ల తరఫున అని చెప్పుకుంటూ ప్రభుత్వం పెట్టిన అధికారులు.

అసలు మెలిక 1887 చట్టంలో ఉంది. 21 ఏళ్ల లీజు, గడువు తీరాక మళ్లీ 21 ఏళ్లు, అలా ఎన్నిసార్లయినా పొడిగించుకునే హక్కు లీజుదారుడికి ఇచ్చేశారు. అంటే యజమాని మనవడి మనవడు వచ్చినా ఆ నేల మీద ఇల్లు కట్టుకోలేడు.

కివీ మామ
అద్దె వస్తోంది కదమ్మా, కష్టపడకుండా.

లీజు డీడ్
ఎంతొస్తోందో కూడా వినండి మరి. 1955 మావోరీ రిజర్వుడ్ ల్యాండ్ చట్టం ప్రకారం ఊళ్లలోని స్థలానికి ఖాళీ నేల విలువలో 4 శాతం, పొలాలకి 5 శాతం. ఆ అంకె 21 ఏళ్ల దాకా కదలదు. 1970ల్లో ధరలు మండిపోయినప్పుడు కూడా పాత అద్దే. అద్దె అలా ఆగిపోయింది కాబట్టి లీజు కాగితానికి గిరాకీ పెరిగింది, చేతులు మారిన ప్రతిసారీ లాభం లీజుదారుడి జేబులోకి. నేల ఎవరిదో వాళ్లకి చిల్లర.

దీని మీద ప్రభుత్వం వేసిన షీహన్ కమిషన్ 1975లో రిపోర్టు ఇచ్చింది. 1976లో మాఫెరా సంస్థ ఏర్పడి నేల యజమానుల వారసుల చేతికొచ్చింది. అద్దె రూలు మారడానికి మాత్రం 1997 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు మార్కెట్ అద్దె, ఏడేళ్లకోసారి సమీక్ష. ఆ మార్పు వల్ల నష్టం అని లీజుదారులకి పరిహారం కూడా ఇచ్చారు.

ఆడిటర్ పద్దు
అక్కా, ఆ ఏడేళ్ల పాయింటు ముఖ్యం. @మందుల చీటీ, పై లీజు (బిల్డింగ్ ఆయన నేలకి తీసుకున్నది) అద్దె సమీక్ష ఏ సంవత్సరం వస్తుందో అడిగావా? వచ్చే ఏడాదే అయితే బిల్డింగ్ ఆయన ఆ పెంపు నీ మీదకి తోస్తాడు. నీ అద్దె కాగితంలో నేల అద్దె భారం అద్దెదారుడిదే అనే క్లాజు ఉందో లేదో చూడు. పెద్దాయన చూపించే లాభం లెక్క పాత అద్దె మీద వేసింది అయ్యుంటుంది.

మందుల చీటీ
అడగలేదు అన్నా. అలాంటిదొకటి ఉంటుందనే తెలీదు.

పాడేరు కాఫీ
మాది అల్లూరి జిల్లా, టీచర్‌ని. ఇక్కడ ఎవరికీ కొత్త కాదు ఈ గొడవ. మా ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, 1/70 భూ చట్టం ఉంది కదా. గిరిజనేతరులు కొనకూడదు, ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది అతనే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద వచ్చిన కేసు అది. ప్రభుత్వం కూడా ఆ చట్టం కింద 'వ్యక్తే', షెడ్యూల్డ్ ప్రాంతపు భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వడానికి వీల్లేదు అంది.

విచిత్రంగా మీ చట్టం కూడా 1997లోనే వచ్చింది. అక్కడా ఇలాగే బయటివాళ్లకి అమ్మకూడదా?

లీజు డీడ్
పాడేరు గారూ, అమ్మకూడదని కాదు, అమ్మడం చాలా కష్టం. రెండు రకాలు కలిపేయకుండా చెప్తాను.

మామూలు మావోరీ ఫ్రీహోల్డ్ భూమి 1993 నాటి టె టురె ఫెనువా మావోరి చట్టం కిందకి వస్తుంది. దేశం మొత్తం నేలలో అది సుమారు 5 శాతం. ఒక్కో ముక్కకి వందల మంది వాటాదారులు ఉంటారు. ట్రస్టూ ఇన్‌కార్పొరేషనూ లేని ముక్కని అమ్మాలంటే వాటాల్లో నాలుగింట మూడొంతులు ఉన్నవాళ్లు ఒప్పుకోవాలి, ముందు సొంతవాళ్లకి అవకాశం ఇవ్వాలి, మావోరీ ల్యాండ్ కోర్టు ఖరారు చేయాలి. లీజు 52 ఏళ్లు దాటితే సగం వాటాలవాళ్ల ఒప్పుదల కావాలి.

గ్రేమౌత్ లాంటివి రెండో రకం, రిజర్వు భూములు, అంటే నేను పైన చెప్పిన, వాళ్లకే ఉంచిన ముక్కలు. ఇక్కడ మీ 1/70కి తలకిందుల కథ నడిచింది. మీ దగ్గర చట్టం బయటివాడిని లోపలికి రానివ్వనంటుంది. ఇక్కడ చట్టమే బయటివాడిని లోపల కూర్చోబెట్టి, యజమానిని వందేళ్లకి పైగా గుమ్మం బయట నిలబెట్టింది.

పాడేరు కాఫీ
మా దగ్గర కాగితం మీద ఒకటి, బజార్లో ఒకటి లెండి. లీజు కూడా బదిలీ కిందే లెక్క, అయినా పేరు గిరిజనుడిది, గల్లాపెట్టె ఇంకొకరిది.

కివీ మామ
చరిత్ర సరే. మనం వలస వచ్చినవాళ్లం. వాళ్లకీ బ్రిటిషువాళ్లకీ మధ్య ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడు మనవాడు ఎందుకు ఎక్కువ అద్దె కట్టాలి? నా పాయింటు అదే.

రాత్రి డ్యూటీ నర్సు
ఎక్కువ కాదు మామయ్యా, మార్కెట్ అద్దె. క్రైస్ట్‌చర్చ్ రికార్టన్‌లో షాపు తీసుకున్నా అంతే కదా. నేల యజమాని మావోరీ అయితేనే అది ఎక్కువ అనిపిస్తోందా?

కివీ మామ
నోట్లో మాటలు పెట్టకమ్మా. రిస్క్ గురించి మాట్లాడుతున్నా.

లీజు డీడ్
రిస్క్ గురించే అయితే రెండు చూసుకోవాలి. పై లీజు రద్దయితే కింద ఉన్న అతని అద్దె ఒప్పందానికీ ప్రమాదమే. కాబట్టి బిల్డింగ్ ఆయన నేల అద్దె బకాయిలు లేకుండా కట్టాడని రాతలో తీసుకోవాలి. ఇంకోటి, 1997 చట్టం ప్రకారం లీజుదారుడు తన నేల లీజుని బయటివాళ్లకి అమ్మాలంటే ముందు నేల యజమానులకి ఇవ్వజూపాలి. అది బిల్డింగ్ ఆయనకి వర్తిస్తుంది. ఫార్మసీ వ్యాపారం అమ్మకానికి వర్తించదు. రేపు ఆయన అమ్మేస్తే నేల సంస్థే నీ కొత్త ఓనరు కావచ్చు. అందులో భయపడాల్సింది నాకేం కనపడలేదు.

బెజవాడ మెడికల్స్
భూమి సంగతి మీరు మీరు తేల్చుకోండి. ఆ చీటీల గది సంగతి చెప్పండి ముందు. మా దగ్గర చీటీ తెచ్చేవాడే తక్కువ, పాత స్ట్రిప్ చూపించి ఇదే ఇవ్వమంటారు. షెడ్యూల్ హెచ్1 మందులకి (కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందుల లాంటివి) మాత్రం రిజిస్టర్ తప్పదు. డాక్టర్ పేరు, అడ్రసు, పేషంట్ పేరు, మందు, ఎంత ఇచ్చామో రాసి మూడేళ్లు ఉంచాలి. 2014 మార్చి నుంచి ఉంది ఈ రూలు. ఇంకా గట్టి నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందులైతే చీటీ రెండు కాపీలు, ఒకటి మన దగ్గర రెండేళ్లు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే మొదట అడిగేది హెచ్1 రిజిస్టరే. 2003 చీటీ ఇంకా దాచారంటే ఆ పెద్దాయన కాగితం పారేయడం చేతకాని మనిషి.

రాత్రి డ్యూటీ నర్సు
ఆయన అంత అమాయకుడేం కాకపోవచ్చు బాబాయ్. ఇక్కడ హెల్త్ రికార్డులకి 1996 నాటి నిబంధనలు ఉన్నాయి. కనీసం పదేళ్లు ఉంచాలి. చాలామంది ఆ పదేళ్లని చీటీ తేదీ నుంచి లెక్కేస్తారు. రూలు చెప్పేది వేరు. ఆ పేషంట్‌కి చివరిసారి సేవ అందించిన తేదీ తర్వాతి రోజు నుంచి పదేళ్లు.

ఇప్పుడు ఆ 2003 పెట్టె తీసుకోండి. అందులో ఒక ముసలావిడ బీపీ మందుల చీటీ ఉందనుకుందాం. ఆవిడ 2005లో ఊరు మారిపోయి మళ్లీ రాకపోతే 2015తో ఆ కాగితం పని అయిపోయింది. అదే ఆవిడ పోయిన నెల కూడా వచ్చి మందులు తీసుకెళ్లుంటే? గడియారం ఇంకా మొదలే కాలేదు. ఒకే పెట్టెలో, ఒకే రబ్బరు బ్యాండ్ కింద, పారేయదగ్గ చీటీ, పారేయకూడని చీటీ పక్కపక్కనే ఉంటాయి. పెట్టెలు నెలల వారీగా కట్టారు, రూలు మనిషి వారీగా నడుస్తుంది.

మందుల చీటీ
అక్కా, మీరు టెన్షన్ తగ్గిస్తారనుకున్నా.

రాత్రి డ్యూటీ నర్సు
తగ్గించే మాట కూడా ఉంది. ఏ రూపంలో దాచాలనేది నిబంధనలు మన ఇష్టానికే వదిలేశాయి. శుభ్రంగా స్కాన్ చేసి పేషంట్ ఎన్‌హెచ్‌ఐ నంబరుకి (ఇక్కడ ఒక్కో పేషంట్‌కి ఉండే ఆరోగ్య గుర్తింపు నంబరు) కలిపితే పని జరుగుతుంది. మార్ఫిన్ లాంటి కంట్రోల్డ్ డ్రగ్స్ చీటీలు మాత్రం వేరే చట్టం కిందకి వస్తాయి, వాటి ఒరిజినల్స్ విడిగా తీసి పెట్టి లాయర్‌ని అడిగాకే ముట్టుకో.

అమ్మేటప్పుడు ఈ రికార్డుల్ని ఇంకో ప్రొవైడర్‌కి అప్పగించవచ్చు. అప్పగిస్తే దాచే బాధ్యత కూడా వాటితోపాటే వస్తుంది. అంటే సంతకం పెట్టాక ఆ గది నీదే. పెట్టకముందే పెద్దాయనతో సార్టింగ్ చేయించుకో, లేదా ఆ ఖర్చు ధరలో తగ్గించమను.

ఆడిటర్ పద్దు
స్కానింగ్ ఖర్చు తక్కువేం కాదు. ధరలో తగ్గించమనడమే నయం.

బెజవాడ మెడికల్స్
పదేళ్లు దాటినవి కాల్చేస్తే సరిపోదా అమ్మా? ఎవరడుగుతారు?

రాత్రి డ్యూటీ నర్సు
అడుగుతారు బాబాయ్. సోడియం వాల్‌ప్రోయేట్ తెలుసు కదా, మూర్ఛకి ఇచ్చే మందు. గర్భంతో ఉన్నప్పుడు తల్లి అది వాడితే కొంతమంది పిల్లల్లో పుట్టుకతో లోపాలు, ఎదుగుదల సమస్యలు వస్తాయి. ఈ దేశంలో అలాంటి పిల్లల కుటుంబాలు ఏసీసీకి (ప్రమాదాలకీ, వైద్యంలో జరిగిన హానికీ పరిహారం ఇచ్చే ప్రభుత్వ సంస్థ) పరిహారం క్లెయిములు పెట్టుకున్నాయి. ఇలాంటి వాటిలో కారణం బయటపడేసరికి పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. ఆ నెలల్లో ఏ మందు, ఎంత డోసు ఇచ్చారో చూపించాలంటే చేతిలో ఉండే ఆధారం ఇలాంటి కాగితమే. పదేళ్లు అనేది కనీస గడువు, ఆ రోజే తగలబెట్టమని కాదు.

అలాగని ఎప్పటికీ దాస్తానంటే కుదరదు. హెల్త్ ఇన్ఫర్మేషన్ ప్రైవసీ కోడ్ 2020లో తొమ్మిదో రూలు, అవసరం తీరాక అట్టే పెట్టుకోకూడదంటుంది. అందుకే నా సలహా, ఏ మందు ఎప్పుడు ఇచ్చారనే కంప్యూటర్ రికార్డు పదిలంగా ఉంచు, గడువు తీరిన కాగితాన్ని రహస్య కాగితాలు ముక్కలు చేసే కంపెనీకి ఇచ్చి రసీదు తీసుకో. పెరట్లో కాల్చడం కాదు.

ఇంకో మాట. ఆ గది కింది అంతస్తులోనేనా? 1988లో గ్రేమౌత్ బజారు రెండుసార్లు వరదలో మునిగింది. ఆ తర్వాతే నది గట్టున వరద గోడ కట్టారు. గోడ ఉంది కదా అని అట్టపెట్టెలు నేల మీద పెట్టకు. రికార్డులు భద్రంగా ఉంచడం కూడా ప్రైవసీ కోడ్‌లో రూలే.

మందుల చీటీ
కింది అంతస్తే. మొదటి వరస పెట్టెలు నేల మీదే ఉన్నాయి.

కివీ మామ
సరే, నేల సంగతి పక్కన పెట్టు. లైసెన్స్ సంగతి ఎవరైనా చెప్పారా? పెద్దాయన లైసెన్స్ నీకు బదిలీ కాదు. నీ పేరు మీద కొత్తది తీసుకోవాలి. నువ్వు ఫార్మసిస్టువి కాబట్టి ఇబ్బంది లేదు, కంపెనీ పెడితే సగానికి మించి వాటా ఫార్మసిస్టు చేతిలో ఉండాలి. మీ బావ డబ్బు పెడుతున్నాడని అన్నావు కదా వేరే చోట, వాటాలు రాసేటప్పుడు జాగ్రత్త.

మందుల చీటీ
బావది 40 శాతమే మామా. థాంక్యూ, ఇది పనికొచ్చే మాట.

ఆడిటర్ పద్దు
స్వాధీనం తేదీ కూడా ఆలోచించి పెట్టుకో. కంట్రోల్డ్ డ్రగ్స్‌కి ఎలాగూ జూన్ 30న, డిసెంబర్ 31న స్టాకు లెక్క తీయాలి కదా?

మందుల చీటీ
అవునన్నా, తీయాలి. మార్ఫిన్, మెథడోన్ అన్నీ లెక్కపెట్టి రిజిస్టర్‌లో నిల్వతో సరిచూడాలి. జూన్ 30 సాయంత్రం ఇద్దరం కలిసి లెక్కపెట్టి ఇద్దరం సంతకం పెడితే ఒకే దెబ్బకి రెండూ అయిపోతాయి. అప్పుడు తేడా వస్తే అది ఆయన ఖాతాలోది.

ఇంకోటి నాకే తట్టింది. ఈ 2026 ఫిబ్రవరి నుంచి డాక్టర్లు 12 నెలలకి ఒకే చీటీ రాయొచ్చు, మేం మూడు నెలలకోసారి మందులిస్తాం. మిగతా రిపీట్లు (అదే చీటీ మీద మళ్లీ తీసుకోవాల్సిన మందులు) మొదట చీటీ ఇచ్చిన ఫార్మసీలోనే ఉంటాయి. అంటే నేను షాపు తీసుకునే రోజుకి సగం ఊరి రిపీట్లు ఆ కంప్యూటర్‌లో పెండింగ్ ఉంటాయి. ఆ డేటా సరిగ్గా రాకపోతే మొదటి రోజే కౌంటర్ దగ్గర గొడవ.

బెజవాడ మెడికల్స్
అదే నీ గుడ్‌విల్ తమ్ముడూ. మిగతాదంతా బీరువాలూ బల్లలూ. ఆ డేటా వస్తుందని రాయించుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకు.

పాడేరు కాఫీ
ఒక ప్రశ్న మిగిలింది నాకు. మాఫెరా వాటాదారులు ఎవరు, ఎంతమంది వారసులు అనేది ఎవరు రాసి ఉంచుతారు? మా దగ్గర పట్టా తాత పేరు మీదే ఉండిపోతుంది, మనవళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతారు.

లీజు డీడ్
సంస్థ దగ్గర వాటాల రిజిస్టర్ ఉంటుంది, వారసత్వం తేల్చేది మావోరీ ల్యాండ్ కోర్టు. 1865లో నేటివ్ ల్యాండ్ కోర్టుగా మొదలైంది. అప్పట్లో అది చేసిన పని ఉమ్మడి భూమిని పేర్లుగా ముక్కలు చేయడమే. ఎంత పెద్ద తెగ భూమి అయినా హక్కు పత్రంలో పదిమందికి మించి పేర్లు రాసేవాళ్లు కాదు, ఆ పదిమందిని ఒప్పిస్తే నేల చేతులు మారిపోయేది. ఇప్పుడు అదే కోర్టు ఆ భూమి పోకుండా కాపలా. 2021 నుంచి తగాదా లేని వారసత్వాలు జడ్జి దాకా వెళ్లకుండా రిజిస్ట్రారే తేల్చేస్తున్నారు. అయినా మూడు తరాలు ఎవరూ దరఖాస్తు పెట్టని వాటాలు చాలా ఉన్నాయి. ఆ విషయంలో మీ పాడేరుకీ ఇక్కడికీ పెద్ద తేడా లేదు.

పాడేరు కాఫీ
అర్థమైంది మేడం.

మందుల చీటీ
అందరికీ థాంక్స్. సోమవారం లాయర్‌తో ఫోన్ ఉంది. అడగాల్సినవి రాసుకున్నాను. పై లీజు కాపీ, సమీక్ష సంవత్సరం, నేల అద్దె బకాయి లేదనే లేఖ, నా అద్దె ఒప్పందంలో ఆ పెంపు ఎవరి మీద పడుతుంది, రిపీట్ల డేటా, పెట్టెల ఖర్చు. ఇంకేమైనా వదిలేశానా?

రాత్రి డ్యూటీ నర్సు
పెద్దాయన్ని ఆరు నెలలు పార్ట్ టైమ్‌గా ఉండమని అడుగు. ఆ ఊళ్లో ఎవరికి ఏ మందు పడదో ఆయనకి నోటికొచ్చు.

కివీ మామ
అద్దె ఒప్పందం ఎన్నేళ్లో, ఎన్నిసార్లు పొడిగించుకోవచ్చో కూడా అడుగు. నేనైతే ఇప్పటికీ కొననంటాను. కొంటే మాత్రం ట్రాంజ్ఆల్పైన్ రైల్లో ఒకసారి వస్తాం, మీ అత్తయ్య ఎప్పటి నుంచో అడుగుతోంది.

ఆడిటర్ పద్దు
సమీక్ష సంవత్సరం తెలిశాక ఇక్కడ పెట్టు, కొత్త అద్దెతో లాభం లెక్క నేను వేసి ఇస్తాను. అప్పటిదాకా రేటు మాట్లాడకు.